తుపాకి ఎవరి చేతిలో ఉండాలి? చేసే చేతులవాళ్లం ఆలోచించాల్సిన ప్రశ్న



సంగత్ జీ, దివాన్ ముగిశాక లంగర్ పంక్తుల్లో మన యువకుల నోట ఒక ప్రశ్న తరచు వినబడుతోంది. "మనం ఆయుధాలు చేసిన వంశం వాళ్లం. గురువు మనకు అప్పగించిన పనే అది. మరి ఇంట్లో ఒక తుపాకి పెట్టుకునే హక్కు మనకెందుకు లేదు? వద్దనడానికి ప్రభుత్వం ఎవరు?" ఈ మాట అడిగినవాణ్ణి పెద్దవాళ్లు కసిరి కూర్చోబెడుతున్నారు. కసిరితే నోరు మూతపడుతుంది గానీ ప్రశ్న పోదు. అది బయటికి వెళ్లి మరెవరినో అడుగుతుంది. ఆ మరెవరో మన బిడ్డ మేలు కోరేవాడే అయి ఉంటాడన్న భరోసా లేదు. అందుకని ఈ చిన్న పుస్తకంలో ఆ ప్రశ్ననే సూటిగా ఎత్తుకుందాం.

దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. చట్టం వద్దంది కాబట్టి వద్దు అన్నది మొదటిది. చట్టాలన్నీ న్యాయమైనవే అయితే ఈ జవాబు సరిపోయేది. గురు అర్జన్ దేవ్ జీ 1606లో, గురు తేగ్ బహదూర్ జీ 1675లో ప్రాణాలర్పించింది ఆనాటి పాలకుల ఆజ్ఞలకు తలవంచకనే. కాబట్టి "చట్టం" అన్న ఒక్క మాటతో సిక్కు బిడ్డ నోరు మూయించలేం. శస్త్రం ధరించడం మన ధర్మం కాబట్టి దాన్ని ఆపే చట్టమేదీ మనకు చెల్లదు అన్నది రెండో జవాబు. ఇది వినడానికి బాగుంటుంది, ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ కిర్పాణ్‌నూ నాటు తుపాకినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఆ రెండూ ఒకటేనా అన్నదే అసలు చిక్కు.

ముందు మన చరిత్రలోంచి చూద్దాం. గురు హర్‌గోబింద్ సాహిబ్ మీరీ, పీరీ అని రెండు ఖడ్గాలు ధరించిన నాటి నుంచి సిక్కు పంథ్‌కు ఆయుధం చేసే చేతులు కావలసి వచ్చాయి. ఆనంద్‌పూర్‌లోని లోహ్‌గఢ్ కోటలో ఆయుధాలు తయారయ్యేవి. కత్తికి సాన పట్టి, మెరుగు పెట్టే పనిని అరబ్బీ, పారశీక మాటల్లో సైకల్ అంటారు. సిక్లీగర్ అన్న మన పేరు అందులోంచి వచ్చింది. ఆ పేరు పదో పాతషాహీ ఇచ్చినదని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. భాయీ బచిత్తర్ సింగ్ మదపుటేనుగు నుదుటికి గురిపెట్టిన బల్లెం కథ విన్నప్పుడల్లా, ఆ బల్లెం మొన సాగగొట్టిన కమ్మరి ఎవరో అని నాకు అనిపిస్తుంది. చరిత్ర అతని పేరు రాసిపెట్టలేదు.

1849లో ఇంగ్లీషువాళ్లు పంజాబ్‌ను కలిపేసుకున్నాక ప్రజల దగ్గరున్న ఆయుధాలు గుంజుకున్నారు. కొనేవాడు లేనప్పుడు చేసేవాడి కొలిమి చల్లారిపోతుంది. 1871లో వచ్చిన నేరస్త జాతుల చట్టం, ఊరూరూ తిరిగి బతికే ఎన్నో జనసమూహాలకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసింది. స్వతంత్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయినా అనుమానం పోలేదన్నది మీకు నేను చెప్పనక్కరలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట మన పేటకే జీపు వచ్చిన రోజులు పెద్దలకు గుర్తే.

1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టమూ అదే ఏడాది వచ్చింది. ఆ రెండూ ఒకే ఏడాది రావడంలో వింతేమీ లేదు. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టకూడదు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. ప్రజల క్షేమం కోసమే అయితే తెల్లవాడి తుపాకి వల్ల ప్రమాదం లేదా? పాలించేవాడు పాలితులకు భయపడి తెచ్చిన చట్టమది. అహింసకు మారుపేరైన గాంధీజీ కూడా 1918లో ఖేడాలో సైనికుల భర్తీకి తిరుగుతూ, ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన అతి నల్లని పనిగా తప్పుపట్టారు. 1931లో కరాచీ కాంగ్రెస్ చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. కాబట్టి మన యువకుల ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు. ఈ దేశ పెద్దలు అడిగిన ప్రశ్నే.

మన పంథ్ ఆ రోజుల్లోనే పోరాడి కిర్పాణ్‌కు మినహాయింపు సాధించుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ముందు పంజాబ్‌లోనూ, తర్వాత దేశమంతటా కిర్పాణ్ ఆ చట్టం పట్టు నుంచి బయటపడింది. ఎంత పొడవుండాలి అన్న పేచీతో ఆ తర్వాత కూడా ఎందరో జైళ్లకు వెళ్లారు. చివరికి రాజ్యాంగంలో 25వ అధికరణం కింద వివరణగా, కిర్పాణ్ ధరించడం, వెంట ఉంచుకోవడం సిక్కు మతాచరణలో భాగమని రాసి ఉంది.

తుపాకి సంగతి అలా కాలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు ఆయుధం ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ గారు ఒప్పుకోలేదు, సభ దాన్ని తోసిపుచ్చింది. 19వ అధికరణం మనకు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. ఆ అధికరణం ఆయుధాల పేరెత్తిందే "లేకుండా" అని చెప్పడానికి. అమెరికాలో 1791 నుంచి ఉన్నలాంటి హక్కు మన దగ్గర లేదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి గుర్తు చేసింది.

ఇప్పుడు నడుస్తున్నది 1959 చట్టం. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, కారణం చూపించి, పోలీసు విచారణ దాటి, లైసెన్సు పొందినవాడే తుపాకి ఉంచుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి కుదరదు, అంతకుముందు మూడు ఉండేవి. మాటల్లో ఇది అందరికీ ఒక్కటే చట్టం. అయితే లైసెన్సు ఎవరికి దొరుకుతోంది? భూస్వామికి, కాంట్రాక్టరుకు, రాజకీయ నాయకుడికి. నగలు, నోట్లకట్టలు ఉన్నవాడి ప్రాణానికి ముప్పుందని కాగితం ఒప్పుకుంటుంది. గుడిసెలో ఉన్నవాడి ప్రాణానికి ముప్పుందని ఒప్పుకోవడానికి కాగితానికి చేతులు రావు. 1878 చట్టంలో రంగు చూశారు, ఇప్పుడు హోదా చూస్తున్నారు అని ఎవరైనా అంటే, పూర్తిగా కాదనలేను.

అయినా సరే, ఆ అన్యాయానికి మందు అందరికీ తుపాకి ఇవ్వడమేనా? అలా ఇచ్చిన దేశం ఒకటుంది, దాని లెక్కలు మన ముందున్నాయి. అమెరికాలో మనుషుల కంటే తుపాకులు ఎక్కువ. 2021లో అక్కడ తుపాకి దెబ్బకు 48 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్లు. ఈ సంగతి దగ్గర కాస్త ఆగుదాం. ఇంట్లో తుపాకి అనగానే మన కళ్లముందు మెదిలేది గుమ్మం బద్దలుకొట్టుకొచ్చే దొంగ. కానీ ఆ తుపాకి ఎక్కువగా తిరిగేది ఆ ఇంటివాళ్ల మీదకే. అప్పుల బాధలో ఉన్న తండ్రి, పరీక్ష తప్పిన కొడుకు, తాగి వచ్చిన మొగుడు, అటకెక్కి ఆడుకునే పసివాడు. చావాలనిపించిన గంట గడిచిపోతే మనిషి మళ్లీ నిలదొక్కుకోవడం మనం చూస్తూనే ఉంటాం. తుపాకి ఆ గంట గడవనివ్వదు. కత్తి కూడా ప్రాణం తీస్తుంది గానీ, కత్తి ఎత్తిన చేతిని తల్లి పట్టుకోగలదు, అన్న ఆపగలడు. బయల్దేరిన గుండును ఎవరు ఆపుతారు?

ఆ దేశంలో మనవాళ్ల మీద పడిన దెబ్బలు కూడా చూద్దాం. 2012 ఆగస్టు 5, ఆదివారం. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓక్ క్రీక్ గురుద్వారాలో లంగర్ సిద్ధమవుతుండగా జాతి ద్వేషి ఒకడు లోపలికి వచ్చి కాల్పులు జరిపాడు. ఆరుగురు ఆ రోజే చనిపోయారు. ఏళ్ల తరబడి మంచాన పడి ఉన్న ఏడో మనిషి 2020లో కన్నుమూశారు. గురుద్వారా అధ్యక్షులు సత్వంత్ సింగ్ కాలేకా గారు అరవై దాటిన వయసులో ఒక మొండి కత్తితో వాడికి ఎదురెళ్లి ప్రాణం విడిచారు. ఆ హంతకుడి తుపాకి దొంగసొత్తు కాదు. అంగడిలో, చట్టప్రకారం, రసీదుతో కొన్నది.

2021 ఏప్రిల్ 15 రాత్రి ఇండియానాపోలిస్‌లో ఫెడెక్స్ గిడ్డంగి దగ్గర ఎనిమిది మంది బలయ్యారు. అందులో నలుగురు సిక్కులు, వారిలో ముగ్గురు ఆడవాళ్లు. కాల్చినవాడి వయసు 19. అంతకు ఏడాది ముందు వాడి మానసిక స్థితి చూసి భయపడిన తల్లే పోలీసులకు చెబితే, పోలీసులు వచ్చి వాడి తుపాకి తీసుకుపోయారు. ఆ తర్వాత కొన్ని నెలలకే వాడు అంగడికి వెళ్లి చట్టప్రకారం రెండు రైఫిళ్లు కొన్నాడు. కన్నతల్లి ప్రమాదాన్ని పసిగట్టింది, పోలీసులు నమ్మారు, అంగడి మాత్రం డబ్బు చూసింది.

ఇక్కడ నాకొక పోలిక కనిపిస్తుంది. మన పద్ధతిలో కిర్పాణ్ ఎవరికి? అమృతం పుచ్చుకుని, రహిత్ పాటిస్తానని పంజ్ ప్యారేల ముందు మాట ఇచ్చినవాడికి. మాట ముందు, శస్త్రం తర్వాత. పంథ్ వందల ఏళ్లుగా నడిపిస్తున్న లైసెన్సు అది అనుకోవచ్చు. మాట తప్పినవాణ్ణి సంగత్ నిలదీస్తుంది. అమెరికా అంగడిలో ఈ వరస తలకిందులైంది, శస్త్రం ముందు, మాట ఎప్పటికో. అక్కడ స్వేచ్ఛ ఉందంటారు, నిజమే. కానీ శస్త్రానికి ముందు షరతు ఉండకూడదన్న వాదన మన మర్యాదలోంచి రాదు. జఫర్‌నామాలో కూడా ఖడ్గానికి చోటు మిగతా దారులన్నీ మూసుకుపోయాకనే.

తుపాకుల మీద గట్టిగా పట్టు బిగించిన దేశాలూ ఉన్నాయి. 1996 మార్చిలో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు 16 మంది పసిపిల్లల్నీ వాళ్ల టీచరునూ కాల్చి చంపాడు. మరుసటి ఏడాది బ్రిటన్ చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది. 1996 ఏప్రిల్‌లోనే ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయారు. ఆ ప్రభుత్వం వెంటవెంటనే పేలే తుపాకులను నిషేధించి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను జనం దగ్గర డబ్బిచ్చి కొని కరిగించింది. ఆత్మరక్షణ అన్న కారణం అక్కడ లైసెన్సుకు చాలదు. తుపాకి చావులు అక్కడ ముందు నుంచే తగ్గుముఖంలో ఉన్నాయి, తర్వాత కూడా తగ్గాయి. అందులో చట్టం వాటా ఎంత అన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకోలేదు. నిషేధం మంత్రదండం కాదని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ దేశాల్లో డబ్బిచ్చి కొన్నారన్నది మాత్రం గుర్తుంచుకోండి, ఆ మాట తర్వాత పనికొస్తుంది.

మరి మన దేశం? కాగితం మీద పట్టు గట్టిదే. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2017 నాటికి వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో జనం దగ్గరున్న తుపాకులు సుమారు 7 కోట్ల 11 లక్షలు. అందులో నమోదైనవి కోటి కూడా లేవు. తుపాకి హత్యల్లో అత్యధిక భాగం లైసెన్సు లేని తుపాకులతోనే జరుగుతున్నాయని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. దీన్ని పట్టుకునే నిషేధ వ్యతిరేకులు అంటారు: "చూశారా, చట్టాన్ని పాటించే మంచివాడి చేయి ఖాళీ, దొంగ చేతిలో మాత్రం తుపాకి."

ఈ వాదనను మిగతావాళ్లు ఎలాగైనా తూచుకోనివ్వండి. మనం మాత్రం ఒక మాట కలిపి తూచాలి. దొంగ చేతిలోని తుపాకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏదో ఒక కొలిమి దగ్గర, ఎవరో ఒకడు, ఆకురాయితో రాకి, గొట్టం తొలిచి, స్ప్రింగు బిగించి చేసి ఇచ్చాడు. మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్, బర్వానీ, బుర్హాన్‌పూర్, ధార్ జిల్లాల పేర్లు పేపర్లో వచ్చినప్పుడు పక్కన ఏ కులం పేరు అచ్చవుతోందో మనకు తెలుసు. అక్కడున్నది మన రక్తమే. ఢిల్లీలోనో పంజాబ్‌లోనో ముఠా తగవులో ఒక తల్లి కొడుకు కూలిపోతే, ఆ పిస్తోలు పుట్టిన ఊరు వెతుక్కుంటూ పోలీసులు వింధ్య, సాత్పురా కొండల దాకా వస్తున్నారు. అక్కడి మగపిల్లలు జైళ్లలో ఉన్నారు. అక్కడ అందరూ ఈ పనే చేస్తారనడం అబద్ధం, అన్యాయం కూడా. చేసేవాళ్లు కొందరున్నారన్నదీ నిజం.

వాళ్లను నేను తేలిగ్గా తిట్టలేను. భూమి లేదు, చదువు లేదు, బ్యాంకు అప్పు లేదు, తాత నేర్పిన విద్య ఒక్కటే ఉంది. ఆ విద్యతో చేసిన జల్లెడకు, చేదకు, కత్తిపీటకు వచ్చేది కూలి డబ్బు. ప్లాస్టిక్ బకెట్టు వచ్చాక అదీ పడిపోయింది. పిస్తోలుకు ఒక్క రోజులో వేలు. ఆకలిగా ఉన్నవాడికి ఈ లెక్క అర్థం కావడానికి పెద్ద బుద్ధి అక్కరలేదు. కానీ ఆకలి ఒక పనిని అర్థమయ్యేలా చేస్తుంది, మంచిదిగా మార్చదు.

లోహ్‌గఢ్ కమ్మరి చేసినదానికీ ఈ కట్టాకూ తేడా చట్టంలో మాత్రమే ఉందా? అప్పుడూ పాలకుడి దృష్టిలో ఆ ఆయుధం అక్రమమే కదా అని ఒక తెలివైన కుర్రవాడు అడగగలడు. అడగాలి కూడా. నా సమాధానం ఇది. లోహ్‌గఢ్‌లో చేసినవాడికి తన బల్లెం ఎవరి చేతికి వెళుతుందో తెలుసు. ఆ చేయి ఎవరి మీద లేస్తుందో, ఎవరిని కాపాడటానికి లేస్తుందో తెలుసు. ఆ చేతి వెనుక ఒక మాట ఉంది, ఒక మర్యాద ఉంది, ఆపగల గురువు ఉన్నాడు. ఈనాడు సంచిలో చుట్టి అమ్మిన పిస్తోలు ఎవరి చేతికి పోతుందో చేసినవాడికి తెలియదు. తెలుసుకోడు. అడిగితే బేరం చెడుతుంది. లైసెన్సు తుపాకి మీద నంబరు ఉంటుంది, దాన్ని చెరపడం కూడా చట్టప్రకారం నేరమే. దీని మీద ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే చేసినవాడు తన పేరు దాని మీద ఉండకూడదనే కోరుకుంటాడు. తన పనికి తానే పేరు పెట్టుకోలేని పనివాడి బాధ మన కులానికి కొత్తగా వచ్చిన బాధ. మన తాతలు కత్తి మీద గుర్తు వేసేవారు.

"నేను చేశానంతే, కాల్చింది వాడు కదా" అనడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం లాంటిది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఆ పంపకంలో కొలిమి దగ్గర పడే పిడికిలి చిన్నది కాదు.

చట్టం కూడా అలాగే చూస్తోంది. 2019 సవరణ తర్వాత అక్రమంగా తుపాకి తయారు చేసినా, అమ్మినా కనీస శిక్ష ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. లైసెన్సు లేని మామూలు తుపాకి దగ్గర ఉంటే రెండేళ్ల నుంచి ఐదేళ్లు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి నిర్లక్ష్యంగా ఇతరులను ప్రమాదంలో పెడితే, లైసెన్సు ఉన్నా సరే, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేక రెండూ. ఈ చివరి మాట బరాత్‌లలో హుషారు చేసే మన కుర్రాళ్లకు ఇంట్లోనే చెప్పాలి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన చోటికి వద్దాం. దీన్ని దాటవేసి వెళితే ఈ వ్యాసం నిజాయితీగా రాసినట్టు కాదు. 1984 నవంబరు మొదటి రోజులు. ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. కొన్ని పేటల్లో సిక్కులు లైసెన్సు తుపాకులతో, కిర్పాణ్‌లతో తమ వీధిని కాచుకోబోతే, పోలీసులే వచ్చి "మేం చూసుకుంటాం" అని ఆ ఆయుధాలు తీసుకుపోయారు, తర్వాత గుంపు వచ్చింది. నానావతి కమిషన్ ముందు బాధితులు చెప్పుకున్న మాటలివి. కంచే చేను మేసింది. ఆ రోజులు చూసిన కుటుంబానికి వెళ్లి "భద్రత ప్రభుత్వం చూసుకుంటుంది, తుపాకి నీకెందుకు" అని చెప్పే ధైర్యం నాకు లేదు.

దీన్నుంచి ఏం తేలుతుంది? ప్రతి ఇంటా తుపాకి ఉండాలనా? నేను అలా అనుకోను. ప్రతి ఇంటా తుపాకి ఉన్న దేశంలో గుంపు చేతిలో కూడా కిరసనాయిలు డబ్బాకు తోడు తుపాకి ఉంటుంది. గుంపు ఎప్పుడూ మనకంటే ఎక్కువ మందే. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకు ఆయుధాల పోటీ గెలిచే పోటీ కాదు. కానీ ఇంకో సంగతి కూడా తేలుతుంది. పౌరుడి చేతిలోంచి ఆయుధం తీసుకున్న ప్రభుత్వం ఆ క్షణం నుంచి అతని ప్రాణానికి బాకీ పడుతుంది. ఆయుధం తీసుకుని రక్షణ ఇవ్వకపోతే అది చట్టం అమలు కాదు, నమ్మకద్రోహం. ఆ నవంబరులో తన గల్లీని కాపాడటానికి లైసెన్సు తుపాకి ఎత్తినవాడు ధర్మం తప్పలేదు. ఆత్మరక్షణ హక్కును పాత శిక్షాస్మృతి ఒప్పుకుంది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఒప్పుకుంటోంది.

కాబట్టి మన యువకుడికి నా జవాబు ఇలా ఉంటుంది. బాబూ, ప్రభుత్వం తుపాకి మీద షరతు పెట్టడం తప్పు కాదు, షరతు లేని శస్త్రం మన మర్యాదలో కూడా లేదు. ఆ షరతును హోదా చూసి సడలించడం తప్పు. షరతు పెట్టి రక్షణ మరవడం అంతకంటే పెద్ద తప్పు. ఆ రెండు తప్పుల మీద మనం గట్టిగా మాట్లాడాలి, దరఖాస్తు పెట్టాలి, కోర్టుకైనా వెళ్లాలి. వాటికి జవాబుగా చాటుమాటు పిస్తోలు చేసి అమ్మడం మాత్రం ఆ తప్పుల్ని సరిదిద్దదు. ఆ పిస్తోలు ఏ మంత్రినీ ఏమీ చేయదు. మనలాంటి మరో పేదవాడి ఇంటి మీదకే పోతుంది.

ఇంకో మాట కూడా ప్రభుత్వంతో అనాలి. 2001 నుంచి రక్షణ ఉత్పత్తుల రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. 2016 ఆయుధాల నియమాల కింద తయారీ లైసెన్సులు ఇస్తున్నారు. కోట్లున్న కంపెనీకి దారి తెరిచినప్పుడు, తరతరాల విద్య ఉన్న చేతికి ఎందుకు తెరవరు? మన సిక్లీగర్ కుర్రవాడికి సొంత తుపాకి కర్మాగారం పెట్టుకోమని లైసెన్సు ఇవ్వాలని నేను అడగడం లేదు. ఇషాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లి కర్మాగారాల్లో చిన్న ఆయుధాలు తయారవుతున్నాయి. మన దగ్గరే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు చేసే కర్మాగారం ఉంది. అలాంటి చోట్ల ఫిట్టర్‌గా, టర్నర్‌గా పనికొచ్చే చెయ్యి మన ఇళ్లలో ఉంది. పదో తరగతి, ఐటీఐ సర్టిఫికెట్టు లేవు, అంతే. ఆస్ట్రేలియా ప్రభుత్వం తుపాకులు వద్దనుకున్నప్పుడు డబ్బిచ్చి కొన్నదని పైన చెప్పుకున్నాం కదా. ఒక కులం చేతిలోంచి తరాల వృత్తిని చట్టం తీసుకున్నప్పుడు మాత్రం ఎవరూ పైసా లెక్క కట్టలేదు. ఐటీఐలో సీటు, చేతి పని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్టు, కొలిమికి బదులు లేతు మిషన్ కొనడానికి అప్పు, ఇవి దయగా అడిగేవి కావు. బాకీగా అడిగేవి.

కత్తుల పని చేసుకునే కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి కూడా ఇక్కడే చెబుతాను, తెలియక చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది కాబట్టి. కొడవలి, కత్తిపీట, కొబ్బరి కత్తి, వంటింటి చాకు లాంటి ఇంటిపని, సేద్యపు పనిముట్లకు ఆయుధాల చట్టంతో పేచీ లేదు. అంచు 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉండి, ఇంటికీ పొలానికీ పరిశ్రమకూ పనికిరాని కత్తి అయితే నియమాల ప్రకారం అది ఆయుధం కిందికి వస్తుంది. సినిమా పోస్టరు చూపించి "అన్నా, ఇలాంటి తల్వార్ చేసిపెట్టు, డబ్బు ఎంతైనా ఇస్తా" అని పుట్టినరోజు కేకు కోయడానికి అడిగే కుర్రాళ్లు వస్తే, మీ డబ్బు కోసం కాకపోయినా మీ పిల్లల కోసం వద్దనండి.

చివరగా, ఇప్పటికే కేసుల్లో చిక్కిన ఇళ్ల గురించి. జైల్లో ఉన్నవాడి భార్యాబిడ్డలు సంగత్‌కు దూరంగా, తల దించుకుని ఉంటున్నారు. వాళ్లను లంగర్‌కు పిలవండి, పిల్లల్ని బడి మాన్పించనివ్వకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలి. ఆడవాళ్లకూ పిల్లలకూ అదే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. అర్జీ తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే చాలు. రాయడం రానివాళ్లకు గురుద్వారాలో ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టండి.